మేడ మీద ముందు సీటు

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. అరవై ఏడేళ్ళ నోరీన్‌కి ఆ ఒక్క ప్రమాదమూ తప్పింది గానీ తక్కినవన్నీ మొహమాటం వల్లే వచ్చిపడ్డాయి. ఒంటి మీద ఉన్న ముదురు నీలం కోటు అలా వచ్చిందే. మాసినా తెలియదని అక్క కొనిపెట్టింది. ఇంట్లో పిల్లి కూడా అలాగే వచ్చింది. రెండ్రోజులు చూసుకోమని ఇచ్చిన పక్కింటావిడ స్పెయిన్ వెళ్ళి అక్కడే స్థిరపడిపోయింది. ఇప్పుడు షెఫీల్డ్‌లో, ఈ చిన్న గెస్ట్‌హౌస్‌లో, పొద్దున్నే ఆమె పళ్ళెంలోకి నల్ల సాసేజీ మూడో ముక్క వచ్చింది.

"ఇంకోటి వెయ్యనా బంగారం?" అంది గెస్ట్‌హౌస్ నడిపే విల్మా, వేసేశాక.

"అబ్బ, ఎంత బావుందో," అంది నోరీన్. పంది రక్తం కలిపి చేసే ఆ సాసేజీ వాసన తగిలితే చాలు, చిన్నప్పట్నుంచీ ఆమెకు కడుపులో దేవుతుంది. అయినా టీ గుక్కలతో మూడు ముక్కలూ మింగేసింది.

బంగారం అన్నందుకు ఆమె పొంగిపోలేదు. ఆ ఊళ్ళో అది అందరికీ దక్కే పిలుపు. మీసాల లారీ డ్రైవరు ఇంకో మీసాల లారీ డ్రైవరుని కూడా బంగారం అనే అంటాడు, తిట్టేటప్పుడైనా సరే.

నోరీన్ ఈ ఊరికి వచ్చింది ఎలుగుబంటి కోసం. ఆ కథ ముందటి ఆదివారం ఫోన్లో మొదలైంది.

"నీ గదికి కర్టెన్లు కొనేశాను," అంది అక్క బెరిల్, హలో అయినా అనకుండా. "ముదురాకుపచ్చ."

"నా గదేంటక్కా?"

"మా ఇంట్లో నీ గది. మీ బావ పోయినప్పట్నుంచీ ఖాళీగా పడుంది కదా. రేపు కాదు, పై సోమవారం ఇళ్ళ ఏజెంటు నీ ఫ్లాట్ చూడ్డానికి వస్తున్నాడు. కాస్త సర్దిపెట్టుకో. ఆ పిల్లి వెంట్రుకలూ నువ్వూను."

నోరీన్ ఫ్లాట్ క్లీథార్ప్స్‌లో, సముద్రం ఒడ్డున. రెండే గదులు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, అది ఒడ్డుకి వచ్చిన పూట. రాని పూట కనుచూపు మేరా బురదే. ఆ బురదకేసి చూస్తూ నాలుగింటికి ఒక గుడ్డు, మళ్ళీ ఆరింటికి ఇంకో గుడ్డు తిన్నా అడిగేవాళ్ళు లేరు. బెరిల్ ఇంట్లో గుడ్డుకి ఒక వారం ఉంది.

అరవై ఏళ్ళుగా ఆమె అక్కకి చెప్పిన జవాబు ఒకటే, సరే అక్కా అని. చిన్నప్పుడు డబుల్ డెక్కర్ బస్సెక్కితే నోరీన్ చూపులు మెట్ల మీదే ఉండేవి. పైన, అందరికంటే ముందు, పెద్ద అద్దం వెనక సీటు! అక్కడ కూర్చుంటే బస్సుని మనమే తోలుతున్నట్టు ఉంటుందని బళ్ళో పిల్లలు చెప్పేవాళ్ళు. బెరిల్‌కి పైన కళ్ళు తిరుగుతాయి. కాబట్టి ఇద్దరూ కిందే, తలుపు పక్కనే. పెద్దయ్యాక ఒక్కతే ఎక్కినప్పుడు కూడా నోరీన్ కాళ్ళు వాటంతట అవే తలుపు పక్క సీటుకి పోయేవి. కళ్ళు తిరిగేది అక్కకి, కింద కూర్చునేది తనూను.

ఆ ఆదివారం మాత్రం ఆమె నోట ఇంకో మాట వచ్చింది. "ఆలోచిస్తానక్కా."

"నువ్వు ఆలోచించడమా!" బెరిల్ నవ్వింది. "ఎవరు వేలు చూపిస్తే అటు పోయే మనిషివి. ఒక్కదానివి పక్కూరు వెళ్ళి సవ్యంగా రాగలవా?"

"వెళ్ళగలను."

"ఎక్కడికి, చెప్పు?"

ఎదురుగా బిస్కట్ల డబ్బా మూత మీద ఏదో తోట బొమ్మ ఉంది. కింద ఊరి పేరు ఉంది. "షెఫీల్డ్," అంది నోరీన్. "బొటానికల్ గార్డెన్."

"వెళ్ళు మరి. ఆ తోటలో గొయ్యి ఉంటుందట, అందులో ఎలుగుబంటి విగ్రహం ఉంటుందట. దాని పక్కన నిలబడి ఫొటో తీసుకుని పంపు. పంపావా, ఇల్లు అమ్మే మాట మళ్ళీ ఎత్తను. పంపలేకపోయావా, సోమవారం ఏజెంటు. సరేనా?"

"సరే అక్కా," అంది నోరీన్, అలవాటు కొద్దీ.

గురువారం మధ్యాహ్నం రైలు దిగింది. చేతిలో మ్యాపు ఉంది. తోట పడమర వైపని అందులో స్పష్టంగా ఉంది. కానీ స్టేషన్ బయట ఒక గొడుగు పెద్దమనిషి దగ్గరికొచ్చి, దారి వెతుక్కుంటున్నారా తల్లీ, అని అడిగి, అదుగో ఆ ట్రామే అని తూర్పుకి వెళ్ళే ట్రాము చూపించాడు. అది కాదని ఆమెకు తెలుసు. కానీ పాపం, వానలో తడుస్తూ, గొడుగు ఆమె మీద పట్టి మరీ చెప్పాడు. ఆమె ఎక్కేదాకా అక్కడే నిలబడి చూశాడు. ఎక్కాక చెయ్యి ఊపాడు. అంత మంచి మనిషిని చిన్నబుచ్చడం ఎలా? ఎక్కింది. చివరి స్టాపులో ట్రాములు నిద్రపోయే షెడ్డు చూసి, తిరిగొచ్చేసరికి తోట గేటు మూసేశారు. ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే. సాయంత్రం ఐదింటికి ఆమె రైలు.

శుక్రవారం పొద్దున్న నల్ల సాసేజీ భారంతో నోరీన్ బస్ స్టాపు దగ్గరికి నడిచింది. పెద్దవాళ్ళ ఉచిత పాసు తొమ్మిదిన్నర దాకా చెల్లదు. అందుకే ఆ దేశంలో ఏ ఊళ్ళో చూసినా ఆ వేళకి నెరిసిన తలలన్నీ స్టాపు దగ్గర క్యూ కట్టి, గడియారాల వంక చూసుకుంటూ నిలబడతాయి. ఇక్కడా క్యూ ఉంది. పాతికమంది ముసలివాళ్ళు, అందరివీ ముదురు రంగు కోట్లే. నోరీన్ వెళ్ళి చివర నిలబడింది. క్యూ కనిపిస్తే ముందు నిలబడాలి, దేనికోసమో తర్వాత కనుక్కోవచ్చు. అది ఆమె తల్లి నేర్పింది, తల్లికి వాళ్ళమ్మ నేర్పింది.

బస్సు వచ్చింది. పాతకాలపు డబుల్ డెక్కర్, మీగడ రంగు, నీలం చారలు. వెనక గుమ్మం దగ్గర పాత యూనిఫారం వేసుకుని, తోలు సంచీ తగిలించుకున్న ముసలి కండక్టరు నిలబడ్డాడు. పెద్ద ఊళ్ళో పద్ధతులు పెద్దగానే ఉంటాయనుకుంది నోరీన్. ముందున్నవాళ్ళు ఎవరూ పాసులు చూపించలేదు. ఆమె మాత్రం నియమం తప్పకుండా పాసు తీసి చూపించింది.

కండక్టరు పాసు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒరేయ్ టెరెన్స్!" అని డ్రైవరుకి కేక పెట్టాడు. "ఈవిడ పాసు చూపించిందిరా! ఇవాళ కూడా పాసు చూపించింది!"

"స్టాన్ ఉంటే పడి పడి నవ్వేవాడు," అని డ్రైవరు ముందు నుంచి అరిచాడు.

"నా పేరు క్లిఫ్, బంగారం," అన్నాడు కండక్టరు ముక్కు తుడుచుకుంటూ. "కింద నిండిపోయింది. పైకెళ్ళు. ముందు సీటు ఖాళీ."

ముందు సీటు! నోరీన్ గుండె ఝల్లుమంది. కింద తలుపు పక్క సీట్లో ఎవరో లావుపాటి ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన రుణం తీర్చుకోలేనిది. కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది. పైన జనం వెనక వరసల్లో ఇరుక్కుని కూర్చున్నారు గానీ ముందు సీటు నిజంగానే ఖాళీగా ఉంది. ఆమె వెళ్ళి అందులో కూర్చోగానే మాటలు ఠక్కున ఆగిపోయాయి. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. తన టోపీ బాగాలేదేమో అనుకుంది.

క్లిఫ్ గంట రెండుసార్లు కొట్టాడు. బస్సు కదిలింది. ఊరు మొత్తం అద్దంలోంచి ఆమె ఒళ్ళోకి వచ్చింది. కొమ్మలు నెత్తి మీదికి వచ్చి పక్కకి తప్పుకుంటున్నాయి. క్లీథార్ప్స్‌లో ఎత్తు అంటే ఇసుక కుప్పే. ఇక్కడ వీధులు గోడెక్కినట్టు పైకి పోతున్నాయి. అరవై ఏళ్ళు కింద కూర్చుని ఎంత పోగొట్టుకున్నానో అని నోరీన్‌కి నిజంగా కోపం వచ్చింది. తలుపు పక్క సీటు మీద, అక్క మీద, అన్నిటికంటే తన మీద.

బస్సు ఎందుకో మరీ నెమ్మదిగా పోతోంది. ముందు ఒక పొడుగాటి నల్ల కారు పోతోంది. ఆ కారు వెనకద్దంలో తెల్లపూలతో చేసిన బస్సు. పూల బస్సు కింద పూలతోనే 'తాత' అని రాసి ఉంది. నోరీన్ చాలాసేపు ఆ అక్షరాలకేసి చూసింది. తర్వాత తన చుట్టూ ఉన్న నల్లకోట్లకేసి చూసింది. ఇది పాసుల క్యూ కాదు, శవయాత్ర.

దిగిపోవచ్చు. కానీ ఎలా? శవం వెనక పోతున్న బస్సుని గంట కొట్టి ఆపి, క్షమించండి నేను ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళాలి అనడం ఎలా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు కావలసిన గొయ్యేమో ఊరికి అటు చివర ఉంది. దహనవాటిక దగ్గర అందరితో పాటు దిగింది, అందరితో పాటు పాట పాడింది, పక్కావిడ ఏడుస్తుంటే తన రుమాలు ఇచ్చింది. స్టాన్ నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో బస్సు తోలాడని, ఈ బస్సే తోలాడని, పరుగెత్తుకొచ్చే మనిషిని వదిలి ఒక్కసారి కూడా వెళ్ళలేదని ఫాదరు చెప్పాడు. అది విని, ఎవరో తెలియని ఆ మనిషి కోసం నోరీన్ కూడా ఏడ్చింది. కపటమేమీ లేదు, నిజంగానే ఏడ్చింది.

అక్కణ్ణుంచి బస్సు కార్మికుల క్లబ్బులో విందు. హామ్ శాండ్‌విచ్‌లు, పంది మాంసం కూరి కాల్చిన రొట్టెలు, గాజు గిన్నెలో కేకూ పళ్ళ మీద మీగడ వేసిన ట్రైఫిల్ అనే తీపి. నోరీన్ ఒక మూల గోడకి ఆనుకుని, ఎవరూ పలకరించకూడదని దేవుడికి మొక్కుకుంటూ నిలబడింది. దేవుడు ఆ పూట స్టాన్ పనిలో ఉన్నట్టున్నాడు.

"స్టాన్ నీకెలా తెలుసు బంగారం?" అని అడిగాడు క్లిఫ్.

"బస్సులో," అంది నోరీన్. అబద్ధం కాదు.

"నాకు తెలుసు! ముందు సీటుకి పంపినప్పుడే అనుకున్నాను!" అని క్లిఫ్ హాలంతా వినిపించేలా అరిచాడు. "ఈనిడ్! ఈనిడ్! ఇటు రా. ఆవిడే ఈవిడ!"

జనం పక్కకి జరిగారు. చేతిలో ట్రైఫిల్ గిన్నెతో ఒక పొట్టి ముసలావిడ వచ్చి నోరీన్ ఎదుట నిలబడింది. స్టాన్ భార్య ఈనిడ్. పొద్దుట్నుంచీ ఆవిడ కంట నీటిచుక్క రాలేదు. ముఖం గడ్డకట్టినట్టు ఉంది.

"మా ఆయన ఇరవై ఏళ్ళు ఒకే కథ చెప్పాడు," అంది ఈనిడ్. "ప్రతి శుక్రవారం పొద్దున్న ఒకావిడ ఎక్కేదట. పైన ముందు సీట్లో కూర్చునేదట. డ్రైవరు దగ్గర పైఅంతస్తు కనిపించే చిన్న అద్దం ఉంటుందిలే, అందులోంచి చూసేవాడు. బస్సు గుట్ట పైకెక్కి, ఊరంతా ఒక్కసారిగా కనిపించగానే, తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన పిల్లలాగా రెండు చేతులూ పైకెత్తేదట. ఆవిణ్ణి చూస్తే వారమంతా హాయిగా ఉంటుందనేవాడు. అందుకే ఇవాళ ఆ సీటు ఎవరూ ముట్టుకోలేదు. నువ్వేనా ఆవిడవి?"

హాల్లో అందరూ ఇటు తిరిగారు. అందరి ముఖాల్లోనూ ఒకటే కోరిక, అవునని చెప్పమని. ఒక్క మాట అంటే చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. అవును అనే మాట నోరీన్ నాలుక చివరికి వచ్చేసింది కూడా. ముప్ఫై ఏళ్ళు చెప్పుల దుకాణంలో పనిచేసి, ఎవరి కాలికి ఏ చెప్పు పెట్టినా అబ్బ ఎంత బావుందో అన్న నాలుక అది. కానీ ఈనిడ్ రెప్ప వేయకుండా ఆమెనే చూస్తోంది. ఆ కళ్ళు అవునని చెప్పమని అడగడం లేదు. నిజం చెప్పమని అడుగుతున్నాయి.

"కాదు," అంది నోరీన్.

ఆ మాట బయటికి వచ్చాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇల్లు కూలలేదు.

"కాదా?"

"కాదండి. నేను నోరీన్‌ని. మాది క్లీథార్ప్స్. మీ ఆయన్ని నేనెప్పుడూ చూళ్ళేదు. ఎలుగుబంటిని చూడ్డానికి వచ్చాను. అప్పటికి తొమ్మిదిన్నర కావస్తోంది కదా, పాసుల క్యూ అనుకుని నిలబడ్డాను. తర్వాత... తర్వాత మొహమాటపడ్డాను."

ఈనిడ్ ముఖంలో ఏదో కదిలింది. నోరీన్ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఈనిడ్ నవ్వుతోంది. మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత ఒళ్ళంతా. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి జారింది, పొద్దుట్నుంచీ రాని ఏడుపంతా వచ్చేసింది. గిన్నె క్లిఫ్ చేతిలో పెట్టి నోరీన్ మీద పడి ఏడ్చింది.

"చావుకి కూడా తప్పు బస్సెక్కినవాళ్ళని మోసుకొచ్చాడ్రా మన స్టాన్!" అని టెరెన్స్ అరిచాడు. హాలంతా గొల్లుమంది.

ఈనిడ్ కళ్ళు తుడుచుకుంటూ నోరీన్ చెవిలో అంది. "నువ్వు అవునని ఉంటే ఈ ట్రైఫిల్ నీ నెత్తి మీద బోర్లించేదాన్ని తెలుసా? ఇరవై ఏళ్ళు ఆ మహాతల్లి చేతులు ఎత్తిన కథ విన్నాను. దూలానికి పట్టిన బూజు దులుపుతూ నేనూ రోజూ ఎత్తాను రెండు చేతులు. ఒక్కనాడు మెచ్చుకున్నాడా?"

"మీరు పైన కూర్చునేవాళ్ళు కాదా?"

"ఆయన బస్సెక్కితే కిందే కూర్చునేదాన్ని. ఆయనకి దగ్గరగా ఉంటుందని." ఈనిడ్ షెర్రీ వైను రెండు గ్లాసుల్లో పోసింది. "దగ్గరగా కూర్చుని ఆయన వెనక మెడ చూశాను. అంతే."

తోటకి వెళ్తే రైలు పోతుందని అప్పటికే తేలిపోయింది. సంగతంతా విన్న క్లిఫ్ ఊరుకోలేకపోయాడు. క్లబ్బు లాటరీ బహుమతుల బల్ల మీంచి నడుం దాకా వచ్చే టెడ్డీ ఎలుగుబంటిని ఎత్తుకొచ్చాడు. "పూలకుండీల దగ్గర నిలబడు బంగారం, ఒక్క ఫొటో. మీ అక్క కళ్ళద్దాలు పెట్టుకుంటే కదా తెలిసేది!"

"వద్దు," అంది నోరీన్. కాదు అన్నది వచ్చాక, వద్దు కూడా దాని వెనకాలే వచ్చింది. ఇంకాస్త ట్రైఫిల్ అంటే వద్దంది. ఇంకో శాండ్‌విచ్ అంటే వద్దంది. అడగనివాళ్ళకి కూడా ఒకరిద్దరికి వద్దని చెప్పింది.

నాలుగింటికి బస్సు అందర్నీ స్టేషన్ వైపు దింపడానికి బయల్దేరింది. నోరీన్ ఈనిడ్ చెయ్యి పట్టుకుంది. "పైకి రండి."

"నా మోకాళ్ళు..."

"నెమ్మదిగా ఎక్కండి. నేను వెనకాలే ఉంటాను."

ముందు సీట్లో ఇద్దరూ సరిపోయారు. చిన్న కిటికీ నోరీనే తీసింది, గాలి ముఖం మీద కొట్టింది. బస్సు మూలుగుతూ గుట్ట ఎక్కింది. పైకి చేరగానే వాన వెలిసిన ఊరు, చర్చి శిఖరాలు, పాత ఉక్కు కార్ఖానాల పొగగొట్టాలు, ట్రాము పట్టాలు, అన్నీ ఒక్కసారిగా కాళ్ళ కిందికి వచ్చాయి. ఈనిడ్ రెండు చేతులూ పైకెత్తింది. నోరీన్ కూడా ఎత్తింది. డ్రైవరు టెరెన్స్ చిన్న అద్దంలో చూశాడో ఏమో, హారన్ పొడుగ్గా కొట్టాడు.

"ఇందుకా," అంది ఈనిడ్. "చెప్పి ఉంటే వచ్చేదాన్ని కదా, వెధవ."

గుట్ట దిగుతుంటే నోరీన్ ఫోన్ మోగింది.

"ఎలుగుబంటి ఏదీ?" అంది బెరిల్.

"చూళ్ళేదక్కా."

"నేను చెప్పలా? ముందే చెప్పలా? ఏ బస్సెక్కి చచ్చావు?"

"చచ్చిపోయినాయన బస్సు."

"తాగావా?"

"కాస్త షెర్రీ. అక్కా, విను. పందెం నేను ఓడిపోయాను. అయినా రాను."

"ఏంటి?"

"మీ ఇంటికి రాను. నా ఇల్లు అమ్మను. ఏజెంటుకి రావద్దని నువ్వు చెప్పు, లేకపోతే నేనే చెప్తాను."

బెరిల్ తిడుతుందని నోరీన్ ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుంది. తిట్టు రాలేదు. దానికి బదులు ఎప్పుడూ వినని చిన్న గొంతు వచ్చింది. "కర్టెన్లు కొనేశానే."

నోరీన్ ఫోను మళ్ళీ చెవికి దగ్గరగా పెట్టుకుంది.

"ఇల్లంతా చప్పుడే ఉండదు నోరీన్. మీ బావ గురక కూడా లేదు. టీ పెట్టుకుంటే ఇప్పటికీ రెండు కప్పులు తీస్తాను. తీసి, ఒకటి మళ్ళీ లోపల పెడతాను."

అక్కకి భయం వేస్తుందని, అక్క కూడా ఒంటరిదని నోరీన్‌కి ఒక్కనాడూ తట్టలేదు. అరవై ఏళ్ళ సరే అక్కా ఒక్కసారిగా నోటి దాకా వచ్చింది. ఆమె దాన్ని సాసేజీ ముక్కలా మింగేసింది.

"ప్రతి గురువారం వస్తాను," అంది. "బస్సులో. ఆ రెండో కప్పు బయటే ఉంచు. ఎన్ని కబుర్లు కావాలంటే అన్ని చెప్పుకుందాం. సాయంత్రం మా ఇంటికి నేను వెళ్ళిపోతాను."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే. మేడ మీద, ముందు సీట్లో కూర్చుని."

బెరిల్ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"సరే," అంది.

ఆ మాట అక్క నోట వినడం నోరీన్‌కి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. పక్కన ఈనిడ్ ఇంకా రోడ్డుకేసే చూస్తోంది.

"ఏంటా హోరు?" అంది బెరిల్, ముక్కు ఎగబీల్చి. "కిటికీ తీసి కూర్చున్నావా? మూసెయ్, జలుబు చేస్తుంది."

నోరీన్ మూయలేదు.